పహిల్వాన్ కోసం వేన్నీళ్ల హౌజు

నా చేతుల మీదుగా కామారెడ్డి మిద్దెల మీదికి ఎక్కిన సోలార్ గీజర్లు ఎన్నో నాకు లెక్క తెలియదు. డాక్టర్ల ఇండ్లు, రైస్ మిల్లులు, లాడ్జీలు, ఒకటి రెండు హాస్టళ్లు. బాగా పనిచేసినవేవీ గుర్తులేవు. అవి పనిచేసినంత కాలం నన్నెవరూ పిలవరు కదా. గుర్తున్నవన్నీ ఇబ్బంది పెట్టినవే. అందులో ఎల్లారెడ్డి బయట ఒక పొలం ఇంట్లో చేసిన పని నన్ను పెట్టినంత ఇబ్బంది మరేదీ పెట్టలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు దాని గురించి చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. మీకిప్పుడు నీళ్లెంత వేడెక్కాయో ఫోన్లో కనిపిస్తుంది. మాకు ఒక గాజు థర్మామీటరు, రెండు చేతులు ఉండేవి. ఆ రోజు వాటిని వాడి ఉంటే ఇంత చెప్పుకోవలసిన పని ఉండేది కాదు.

అప్పటికి ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. మాది నిజామాబాద్ జిల్లానే. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. దసరా పోయాక ఒక మధ్యాహ్నం మా దుకాణానికి ముప్పై అయిదేళ్ల మనిషి ఒకడు వచ్చాడు. చేతిలో దుబాయి నుంచి తెచ్చుకున్న పెద్ద ఫోన్, కాళ్లకు మట్టి.

"కాకా, స్విమ్మింగ్ పూల్ నీళ్లు ఎండతోని వేడి జెయ్యొస్తదా?"

ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాను. మా దగ్గర ఈత అంటే బావి. ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్లను నేను అప్పటిదాకా చూడలేదు.

"ఎవరింట్ల ఉన్నది పూల్?"

"మా ఇంట్లనే. నేనే కట్టిన. దుబాయిల ఎనిమిదేండ్లు హోటల్ పూల్ కాడ్నే పని జేసిన."

"మరి నీకు తెల్వనిది నన్నడుగుతవేంది?"

"అక్కడ ఎండలకు నీళ్లు మసులుతయ్ కాకా. సల్లగ జేసే మిషన్లు ఉంటయ్. వేడి జేసుడు నేనెన్నడు జూడలే."

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. పూల్ తన కోసం కాదు, తండ్రి కోసం. తండ్రి పేరు చెప్పగానే నేను కుర్చీలోంచి లేచాను. మా వయసులో ఉన్న వాళ్లలో ఆయన కుస్తీ చూడని మనిషి ఈ చుట్టుపక్కల లేడు. పెద్దకొడప్‌గల్ దాటి, మరాఠీ మాట వినబడే ఊర్లదాకా పోయి జాతరల్లో కుస్తీలు పట్టి, వెండి కడియాలు తెచ్చిన మనిషి. ఊళ్లో కుస్తీ నేర్పే తాలీం పెట్టి ఎందరినో తయారు చేశాడు. అందరూ పహిల్వాన్ అనే పిలిచేవారు. నేనూ అట్లాగే రాస్తాను.

అంతకు ముందు ఏడాది వానాకాలంలో ఆయన ట్రాక్టర్ ట్రాలీ మీదినుంచి జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి పంపారు. ఎముక అతికింది కానీ కాళ్లు కదలలేదు. నెలల తరబడి మంచం మీదే. వ్యాయామం నేర్పే డాక్టరు చివరికి ఒక మాట చెప్పాడట. గోరువెచ్చటి నీళ్లలో ఛాతీదాకా దిగి నడిస్తే ఒంటి బరువు తెలియదు, కీళ్లు మెల్లగా కదులుతాయి. ఈ చలికాలం కూడా ఇట్లాగే పడుకుంటే మాత్రం ఇక బిగుసుకుపోతాయి.

మరునాడే నేను, మా వెల్డర్ భాయ్ బస్సెక్కి ఎల్లారెడ్డి పోయాం. వెల్డర్ భాయ్ నాతో ఇరవై ఏళ్లు పనిచేశాడు. రాగి గొట్టాలు అతకడంలో ఆయన్ని మించినవాడు లేడు, నా తప్పులు వెతకడంలోనూ లేడు.

పూల్ అంటే పెద్దదేమీ కాదు. పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు. రెండు ట్యాంకర్ల నీళ్లు పడతాయి. లోపల నీలం రంగు పలకలు, దిగడానికి వెడల్పాటి మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ. కొడుకు పని నీటుగా చేశాడు. ఇంట్లో వాళ్లు దాన్ని హౌజు అనేవాళ్లు.

పహిల్వాన్ వసారాలో మంచం మీద ఉన్నాడు. ఛాతీ ఇంకా తలుపంత ఉంది. కాళ్లు మాత్రం సన్నబడిపోయాయి. పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని ఆయన భార్య బీడీలు చేస్తోంది. చిన్న మనిషి. ఆయన లేస్తానన్నప్పుడల్లా చాట పక్కన పెట్టి, ఆయన చంక కింద తన భుజం పెట్టి లేపేది. కూర్చోబెట్టి మళ్లీ చాట అందుకునేది. బీడీ చుట్టే వేళ్లు ఆగినట్టే ఉండేది కాదు.

"అన్నా, నీళ్లు వేడి జేసి పెడ్త. నడుద్దువు గాని," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"వేన్నీళ్లల్ల కూసుండనీకి నేనేమన్న బాలింతనా?"

వెల్డర్ భాయ్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. ఆమె మాత్రం తలెత్తకుండానే అంది, "ఆయన గట్లనే అంటడు తమ్మీ. నువ్వు నీ పని జెయ్."

పని చేశాం. మిద్దె మీద పది ప్యానెళ్లు పరిచాం. నల్లటి రేకు, దాని కింద రాగి గొట్టాలు, పైన అద్దం. హౌజులో నీళ్లను మోటరు పైకి తోస్తుంది. ప్యానెళ్లలో తిరిగి, ఎండకు వేడెక్కి, మళ్లీ హౌజులో పడతాయి. అంతే. మోటరు కోసం కొత్తది కొనవద్దన్నాను. వాళ్ల దగ్గర మూలన పడి ఉన్న ఒక చిన్న త్రీ ఫేజ్ మోటరు ఉంది. దాన్ని పొలం లైనుకు కలిపాను. దానికి ఆటో స్టార్టర్ కూడా పెట్టాను.

ఆటో స్టార్టర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. పొలాల లైనుకు అప్పట్లో ఒక వారం పగలు కరెంటు ఇచ్చేవాళ్లు, ఒక వారం రాత్రి. రాత్రి వారం వస్తే రైతు చీకట్లో పాములకు భయపడుతూ పోయి మోటరు వేసుకోవాలి. ఆటో స్టార్టర్ ఉంటే ఆ బాధ లేదు. కరెంటు రాగానే మోటరు దానంతట అదే తిరుగుతుంది. ఎంతోమంది ప్రాణాలు కాపాడిన డబ్బా అది. ప్రతి బోరుకూ ఉండేది. కాబట్టి ఆలోచించకుండా దీనికీ పెట్టేశాను. ఆలోచించకుండా అన్న మాటను మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మేం పని పూర్తిచేసిన వారం పగటి కరెంటు వారం. రోజు రోజుకీ నీళ్లు వేడెక్కాయి. మొదటి రోజు ఇరవై రెండు డిగ్రీలున్నవి గురువారం సాయంత్రానికి ముప్పై ఒకటి దాటాయి. నేను థర్మామీటరు ఎత్తి అందరికీ చూపించాను.

"ఆదివారానికి తయ్యార్," అన్నాను.

కొడుకు పొంగిపోయాడు. పంచాంగం చూపించి ఆదివారం పొద్దున మంచి సమయం పెట్టించాడు. తాలీం శిష్యులకు కబురు పెట్టాడు. నాకు శుక్ర, శని వారాలు గాంధారిలో హాస్టల్ పని ఉంటే అటు పోయాను.

ఆదివారం మొదటి బస్సుకే దిగాం. పొగమంచు ఇంకా పోలేదు. ఇంటి ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. అందరూ ఒకప్పుడు ఆయన చేతిలో దెబ్బలు తిని పెరిగిన వాళ్లే. ఒకరు దండ తెచ్చారు. నాకూ ఒక దండ వేశారు. నా పైజేబులో థర్మామీటరు ఉంది. మెడలో దండ ఉంది. నేను దండ సవరించుకుంటూ నిలబడ్డాను. నీళ్లలో చెయ్యి పెట్టలేదు.

కొడుకు ముందుగా దిగాడు. తర్వాత నేను అడిగితే, "నాకు తేడా తెల్వలే కాకా. పూల్ అంటే సల్లగనే ఉండాలెనని ఎనిమిదేండ్లు అలవాటైపాయె," అన్నాడు. నలుగురు శిష్యులు కుర్చీతో సహా పహిల్వాన్‌ని ఎత్తుకొచ్చి, మెట్ల మీదుగా మెల్లగా దించారు. నీళ్లు ఆయన తొడలు దాటి నడుముకు తగిలాయో లేదో, ఆ బక్క కాళ్లు రెండూ ఒక్కసారిగా కొంకర్లు పోయాయి.

ఆయన "అమ్మా" అని అరిచాడు.

ఎంత పెద్ద పహిల్వాన్ మీద పడ్డా నోరు తెరవని మనిషట. ఆ అరుపుకు ఇరవై మందీ తల దించుకున్నారు. కొడుకు ఆయన్ని ఎత్తి బయటికి తెచ్చాడు. ఆమె చీర కొంగుతో కాళ్లు తుడుస్తూ పిక్కలు రుద్దుతోంది. పహిల్వాన్ మొహం మీద తువ్వాల కప్పుకున్నాడు. లోపలినుంచి ఒకే మాట వినబడింది.

"నన్ను లోపటికి తీస్కపోండ్రి."

అందరూ వెళ్లిపోయాక థర్మామీటరు ముంచాను. ఇరవై రెండు.

వెల్డర్ భాయ్ నా మెడలోంచి దండ తీసి మెట్ల పక్కన పెట్టాడు.

ఎందుకు చల్లబడ్డాయో కొంత తెలిసింది. శుక్రవారం నుంచి లైను రాత్రి వారానికి మారింది. పగలు మోటరు తిరగలేదు, కాబట్టి వేడెక్కలేదు. దానికి మందు వేశాననుకున్నాను. ఇంటి లైను మీద ఇంకో చిన్న మోటరు పెట్టాను. పగలు కరెంటు ఉన్న నాలుగైదు గంటలైనా తిరుగుతుంది కదా అని. పాత మోటరును తీయలేదు. రెండుంటే మంచిదే అనుకున్నాను.

రోజూ కామారెడ్డి నుంచి వచ్చి చూసేవాణ్ని. సాయంత్రానికి ఇరవై ఆరు ఎక్కేది. తెల్లారేసరికి మళ్లీ ఇరవై రెండు. మళ్లీ ఎక్కేది, మళ్లీ దిగేది. చలికి కొంత దిగుతుంది, సరే. మొత్తం ఎందుకు దిగాలి? పగిలిందేమోనని హౌజు గోడలు చూశాం. గొట్టాల అతుకులు విప్పి మళ్లీ అతికాం. అద్దాలు తుడిచాం. థర్మామీటరు మీద అనుమానమొచ్చి మందుల దుకాణంలో ఇంకొకటి కొన్నాను. అది కూడా అదే మాట చెప్పింది. బస్సులో తిరిగి పోతుంటే ఇన్నేళ్ల పని అంతా గాలివాటంగా చేశానా అనిపించేది.

ఆ నాలుగు రోజులూ పహిల్వాన్ నాతో మాట్లాడలేదు. నేను వస్తే గోడ వైపు తిరిగేవాడు. ఆమె మాత్రం చాయ్ ఇచ్చేది. "తాగు తమ్మీ. తప్పులు మనుషులు గాక ఎవరు జేస్తరు," అనేది. నేను గ్లాసు పట్టుకుని మిద్దె ఎక్కేవాణ్ని.

అయిదో రోజు పొద్దున నేను వసారాలో కూర్చుని చాయ్ తాగుతున్నాను. ఆయన ఉన్నట్టుండి గోడ వైపే చూస్తూ మాట్లాడాడు.

"నీ మోటరుకు నిద్ర రాదా ఏందయ్యా?"

"ఏమన్నవే అన్నా?"

"నాకు కాళ్ల నొప్పికి నిద్ర రాదు. దానికి ఎందుకో రాదు. రాత్రంత ఇద్దరం ముచ్చట వెట్టుకుంటం."

గ్లాసు చేతిలో ఉండగానే నేను లేచాను. పరుగున పోయి పాత మోటరు స్టార్టర్ డబ్బా ముందు నిలబడ్డాను. వెనకే వెల్డర్ భాయ్ వచ్చాడు.

"క్యా హువా?"

"భాయ్, రాత్రి కరెంటు రాంగనే ఇది తిరుగుడు వెడ్తది. హౌజుల నీళ్లు పైకి తోస్తది. పైన మంచు. పగలంత ఎండల వేడి జేసిన నీళ్లను రాత్రంత మంచుల సల్లారబెడ్తున్న నేను."

ఆయన ఒక క్షణం నన్ను చూశాడు. తర్వాత కింద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ అన్నాడు, "దుబాయిల సల్లగ జేసే మిషన్‌కు లక్షలు వెడ్తరు. నువ్వు మిద్దె మీద ముఫత్‌గ చేసినవ్ భయ్యా!"

నవ్వు రాలేదు నాకు. ఆటో డబ్బా పీకేసి, తీగలు కత్తిరించాను. పాత మోటరును కొడుకు తీసుకుపోయి బోరు దగ్గర పెట్టాడు. జరిగింది చెబితే వాళ్లమ్మ విని కొట్టంలోకి పోయింది. వడ్లు ఆరబోసే పెద్ద తాడిపత్రి పట్టా ఈడ్చుకొచ్చి హౌజు మీద పరిచింది.

"పొద్దుగూకినాక కప్పుండ్రి. అన్నం గిన్నెకు మూత పెట్టమా?" అంది.

గీజర్ ట్యాంకు చుట్టూ వేడి పోకుండా మేమే దూది పట్టి కట్టేవాళ్లం. హౌజుకు పైన ఏమీ లేదని నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత నీళ్లు దిగలేదు. రోజుకు రెండు డిగ్రీలు ఎక్కాయి. ఆరో రోజుకు ముప్పై మూడు. ఈసారి పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం నేనే చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఎవరినీ పిలవొద్దని కొడుక్కి చెప్పాను. దండలు అసలే వద్దన్నాను.

కానీ పహిల్వాన్ దిగనన్నాడు.

కొడుకు బతిమాలాడు. కోపం చేశాడు. చివరికి వసారా స్తంభానికి తల ఆనించి ఏడ్చాడు. "ఎనిమిదేండ్లు ఎవరెవరి పిల్లలో ఈత కొడుతుంటె కాపల కాసిన. మా బాపును నాలుగు అడుగులు నడిపియ్యలేకపోతి," అన్నాడు. పహిల్వాన్ కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఆయనకు వినబడింది. దవడలు బిగుసుకున్నాయి. కానీ లేవలేదు.

నేను పోయి మంచం పక్కన కింద కూర్చున్నాను.

"అన్నా, ఆ దినం తప్పు నాది. నీ కాళ్లది గాదు, నీ కొడుకుది గాదు. జేబుల మీటరు పెట్టుకొని నీళ్లు జూడలే. మోటరు పెట్టుడు గూడ తప్పే పెట్టిన. అందరి ముందట నిన్ను అరిపిచ్చింది నేను."

ఆయన కళ్లు తెరిచాడు.

"కుస్తీల ఓడినోడు గెలిసినోని కాళ్లు మొక్కుతడు. ఎరికేనా?"

"ఎరికే. నీ కాళ్లు మొక్కుత."

"నా కాళ్లు మొక్కి ఏం జేస్తవ్? అవే పని జేస్తలేవు."

ఆయన పెదవి చివర కదిలింది. ఆమె చాట దించి ఇటే చూస్తోంది.

"నువ్వు ముందుగాల దిగు," అన్నాడు. "నీ మీటరు మాట నేను నమ్మ. నీ మొఖం జూస్త."

నాకు ఈత రాదు. యాభై ఆరేళ్ల వయసు, ముందుకు వచ్చిన పొట్ట, చొక్కా విప్పితే పక్కటెముకల మీద పాత కాలిన మచ్చలు. వెల్డర్ భాయ్ ఉండగా చొక్కా విప్పడం ఎంత కష్టమో ఆయనతో పనిచేసిన వాళ్లకే తెలుస్తుంది. ప్యాంటుతోనే దిగాను. కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, ఛాతీదాకా నీళ్లలో నిలబడ్డాను. మధ్యాహ్నం ఎండ నెత్తి మీద ఉంది. నీళ్లు గోరువెచ్చగా ఒంటిని పట్టుకున్నాయి. రెండు వారాలుగా బిగుసుకుపోయిన భుజాలు నాకే తెలియకుండా దిగాయి.

మంచం మీదినుంచి ఆయన నా మొహాన్నే చూస్తున్నాడు. కుస్తీ మొదలయ్యే ముందు ఎదుటివాణ్ని అట్లాగే చూసేవాడని తర్వాత శిష్యులు చెప్పారు.

"తీస్కపోండ్రి," అన్నాడు.

కొడుకు, వెల్డర్ భాయ్ ఇద్దరూ ఎత్తి, మెట్ల మీదినుంచే నా చేతుల్లోకి దించారు. నీళ్లు తొడలకు తగిలినప్పుడు అందరం ఊపిరి బిగబట్టాం. నడుము దాటాయి. ఛాతీ దాటాయి. ఆయన నా ముంజేయి పట్టుకున్నాడు. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. చెయ్యి విరుగుతుందేమో అనిపించింది. చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. కళ్లు నీళ్ల వైపే. నేనూ నీళ్లలోకే చూస్తున్నాను.

కుడి కాలు కదిలింది. పలక మీద అరచేయంత దూరం జరిగింది. తర్వాత ఎడమది.

పన్నెండు అడుగులు దాటడానికి ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. అవతలి గోడ తాకి, వెనక్కి తిరిగి, మళ్లీ మెట్ల దాకా వచ్చాడు. అప్పుడు నా చెయ్యి వదిలేశాడు. చేతులు రెండూ నీళ్ల మీద పరిచి ఒక్కడే నిలబడ్డాడు. కొడుకు అప్పటికే బట్టలతో నీళ్లలోకి దిగేశాడు, ఎందుకో వాడికే తెలియదు. వెల్డర్ భాయ్ గట్టు మీద కూర్చుని టోపీతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

పహిల్వాన్ నా వైపు తిరిగి అన్నాడు, "మొఖం మంచిగున్నదయ్యా నీది. ఇయ్యాల అబద్ధం ఆడలే."

ఆ తర్వాత రోజూ దిగాడు. ఎండాకాలం వచ్చేసరికి కర్ర పట్టుకుని గేటు దాకా నడిచాడు. మళ్లీ కుస్తీ పట్టలేదు, పట్టలేడు కూడా. కానీ మరుసటి ఏడు జాతరలో గోదా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆడేవాళ్లందరినీ తిట్టాడని విన్నాను.

నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆయన నీళ్లలో నడవడం మొదలుపెట్టిన ఆ వారంలోనే జరిగింది. మూడో రోజో నాలుగో రోజో, ప్యానెళ్ల కాళ్లకు నట్లు బిగించడానికి ఒక్కణ్నే పోయాను. కొడుకు ఊళ్లోకి పోయాడు. పహిల్వాన్ నడక అయిపోయి, పొడి బట్టలు కట్టుకుని, గట్టు మీద కుర్చీలో ఎండకు కూర్చున్నాడు. నేను మిద్దె ఎక్కబోతుంటే ఆమె మెట్ల దగ్గరికి వచ్చింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"తమ్మీ, గీ నీళ్లు ఆడోళ్లకు గూడ పని జేస్తయా?"

ముప్పై ఏళ్లు కాళ్లు మడిచి కూర్చుని బీడీలు చుట్టిన మనిషి. ఏడాదిగా తనకు రెండింతలున్న మొగుణ్ని రోజుకు పదిసార్లు భుజం మీద ఎత్తిన మనిషి. ప్యానెళ్లు లెక్కపెట్టాను, నీళ్లు లెక్కపెట్టాను, ఆయన బరువు కూడా అడిగి రాసుకున్నాను. ఆమె మోకాళ్ల సంగతి నేనే కాదు, కొడుకూ అనుకోలేదు, డాక్టరూ అనలేదు.

"పని జేస్తయ్ వదినా," అన్నాను.

మిద్దె ఎక్కి, హౌజుకు వీపు పెట్టి కూర్చుని పానా పట్టుకున్నాను. కింద గాజుల చప్పుడు, నీళ్లు కదిలిన చప్పుడు.

"మెల్లగ," పహిల్వాన్ గొంతు. "కడ్డీ పట్టుకో. కుడికాలు ముందుగాల వెయ్యి."

"నాకు జెప్పకు," అందామె. "ఏడాది సంది నిన్ను నడిపిచ్చింది ఎవరు?"

ఆయన నవ్వు వినబడింది. ఆ ఇంట్లో ఆయన నవ్వగా వినడం నాకదే మొదటిసారి. నట్లన్నీ బిగించడం అయిపోయింది. కిందికి దిగే మెట్లు హౌజు పక్కనుంచే. అందుకని బిగించినవే మళ్లీ బిగిస్తూ కూర్చున్నాను. ఎండ ప్యానెళ్ల మీదినుంచి పక్క గోడ మీదికి పోయింది.

"లేస్తవా ఇగ?" అన్నాడు పహిల్వాన్.

"ఇంకొంచెం సేపు," అందామె.